గెలాక్సీ ఫొటో కింద గంటల లెక్క కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

పత్రికల్లో గెలాక్సీ ఫొటో పడినప్పుడల్లా దాని కింద రెండే ముక్కలుంటాయి: ఎన్ని కోట్ల కాంతి సంవత్సరాల దూరం, ఏ టెలిస్కోప్ తీసింది. ఆ రంగులు చూసి ముచ్చటపడి పిల్లలకు చిన్న టెలిస్కోప్ కొనిపెడతారు. మొదటి రాత్రి అందులో బూడిదరంగు మరక తప్ప ఏమీ కనబడదు. వారం తిరక్కుండా అది అటకెక్కుతుంది. ఆ ఫొటో కోసం ఎన్ని గంటల వెలుతురు పోగుచేశారో ఒక్క ముక్క రాసి ఉంటే ఇంత నిరాశ ఉండదు.

ఈ ఉత్తరం ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి రాస్తున్నాం. గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగువాళ్ళకు ఒక సంగతి గట్టిగా చెప్పాలి. దూరపు గెలాక్సీని చూడాలన్నా ఫొటో తీయాలన్నా మొదట కావలసింది చీకటి. తర్వాత భూమి తిరుగుడుకు తగ్గట్టు కెమెరాను తిప్పే ఏర్పాటు. టెలిస్కోప్ ఎంత పెద్దదన్నది మూడో లెక్క. ఆ మొదటిది మన కొండల నడుమ ఇంకా ఊరికే దొరుకుతోంది.

సొంత ఊరి మీద మమకారంతో అంటున్న మాట కాదిది. కెమెరాలో గెలాక్సీ వెలుతురుతో పాటు ఆకాశం వెలుతురు కూడా పడుతుంది. ఆకాశం ఎన్ని రెట్లు వెలుగ్గా ఉంటే అదే స్పష్టత రావడానికి దాదాపు అన్ని రెట్లు ఎక్కువసేపు తీయాలి. ఒక పట్నం ఆకాశం మన పల్లె ఆకాశం కన్నా రెండు మాగ్నిట్యూడ్లు (ఆకాశంలో వెలుగును కొలిచే మెట్లు) వెలుగ్గా ఉందనుకోండి, అంటే 6 రెట్లకు పైన. మహేంద్రగిరి పాదాల దగ్గర 2 గంటల్లో వచ్చే ఫొటోకు అక్కడ 12 గంటలు దాటుతుంది. దాన్ని ఒక్క రాత్రిలో తీయడం కుదరదు.

ఏ గెలాక్సీతో మొదలుపెట్టాలి? ఆండ్రోమెడా 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది, అది పక్కింటి కింద లెక్క. నిజంగా దూరపుదాన్ని పట్టాలనుకునే వాళ్ళకు కార్తీకంలో ఎన్‌జీసీ 7331 (ఎన్‌జీసీ అనేది గెలాక్సీల వంటి వాటి జాబితా పేరు) మంచిది. 1784లో విలియం హెర్షెల్ కనిపెట్టిన సుడి గెలాక్సీ ఇది. దూరం సుమారు 4 నుంచి 5 కోట్ల కాంతి సంవత్సరాలు. ఈ రాత్రి మన కెమెరాలో పడే ఆ వెలుతురు బయల్దేరిన కాలానికి హిమాలయాలు ఇంకా లేవడం మొదలుపెడుతున్న దశలో ఉన్నాయి. ప్రకాశం 9.5 మాగ్నిట్యూడ్ దరిదాపుల్లో ఉంటుంది (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ). ఆకాశంలో పొడవు 10.5 ఆర్క్ నిమిషాలు (డిగ్రీలో 60వ వంతు ఒక ఆర్క్ నిమిషం), అంటే పున్నమి చంద్రుడి వెడల్పులో మూడో వంతు. మనకు ఏటవాలుగా కనిపిస్తుంది కాబట్టి వెలుతురు చిన్న చోట చిక్కగా ఉంటుంది. ఎదురుగా విప్పారి కనిపించే గెలాక్సీలు పుస్తకంలో అందంగానే ఉంటాయి గాని వాటి వెలుతురు పలచగా పరుచుకుని కొత్తవాళ్ళ చేతికి చిక్కదు.

వెతకడం పంచాంగం తెలిసినవాళ్ళకు సులువు. పూర్వాభాద్ర రెండు చుక్కలు, ఉత్తరాభాద్ర రెండు చుక్కలు కలిస్తే నడినెత్తి దగ్గర పెద్ద చతురస్రం. ఎగిరే గుర్రం, అంటే పెగాసస్ ఒళ్ళు అదే. పూర్వాభాద్రలో ఉత్తరం వైపు చుక్క షియాట్. చెయ్యి బారుగా చాచి మూడు వేళ్ళు కలిపి పెడితే ఆకాశంలో దాదాపు 5 డిగ్రీలు. షియాట్ నుంచి వాయవ్యంగా మూడు వేళ్ళు కొలిస్తే మాటార్ అనే చుక్క వస్తుంది. మాటార్ నుంచి ఉత్తరంగా, రవ్వంత పడమరకు ఒరిగి, మూడు వేళ్ళకు కాస్త తక్కువ వెళ్తే గెలాక్సీ ఉండే చోటు.

చీకటి సరిపోతుందో లేదో ముందు కళ్ళతోనే పరీక్షించాలి. ఆండ్రోమెడా గెలాక్సీ ఉత్త కంటికి మసక మచ్చలా కనబడాలి. పెగాసస్ చతురస్రం లోపల చుక్కలు లెక్కపెట్టండి. డజను దాటితే మంచి చీకటి. ఒకటీ రెండూ మించకపోతే ఇంకో పది కిలోమీటర్లు వెళ్ళాల్సిందే. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఈ గెలాక్సీ నడినెత్తి దాటాక వాయవ్యానికి దిగుతుంది, కాబట్టి ఊరి వెలుగు ఆ దిక్కున ఉండకూడదు. ఊరికి ఆగ్నేయాన ఉన్న పొలంలో స్టాండు వేస్తే ఫొటో రెండో సగమంతా ఊరి దీపాల మీదుగా తీసినట్టే. వాయవ్యాన ఉన్న మైదానం వెతుక్కోండి. ఏనుగులు, ఎలుగుబంట్లు తిరిగే అడవి అంచులకు మాత్రం వెళ్ళకండి. బడి మైదానం, కళ్ళం, ఊరి చివరి మేడ చాలు.

రోజు ఎంచుకోవడానికి తిథి చాలు. బహుళ సప్తమి నుంచి శుద్ధ విదియ దాకా సాయంత్రం వేళ చంద్రుడి గొడవ ఉండదు. దీపావళి అమావాస్య (మనకు ఆశ్వయుజం, ఒడియా పంజిలో అదే కార్తీకం) మంచి చీకటి రాత్రే గాని టపాసుల పొగ ఆకాశమంతా పరుచుకుంటుంది. తర్వాతి అమావాస్య మేలు. నవంబర్ చివర్లో సాయంత్రం ఆరున్నరకల్లా పూర్తిగా చీకటి పడుతుంది, గెలాక్సీ అప్పటికి నడినెత్తి దగ్గరే 70 డిగ్రీల పైన ఉంటుంది. నాలుగు గంటల తర్వాత కూడా 30 డిగ్రీల దరిదాపు ఎత్తులో ఉంటుంది. పదిన్నరకు సర్దుకుని ఇంటికి వెళ్ళొచ్చు, మర్నాడు బడి ఉన్న పిల్లలకు కూడా ఇబ్బంది లేదు.

6 అంగుళాల టెలిస్కోప్‌లో కంటికి ఏం కనిపిస్తుందో ఉన్నదున్నట్టు చెప్పాలి. నిలువుగా సాగిన బూడిదరంగు మరక, నడుమ కాస్త చిక్కటి బొడ్డు. రంగు ఉండదు, ఎందుకంటే అంత తక్కువ వెలుతురులో కంటిలో రంగులు పోల్చే కణాలు పనిచేయవు. ముందు తక్కువ పవర్ ఐపీస్‌తో (కన్ను ఆనించి చూసే కటకంతో), 30 నుంచి 50 రెట్లలో పట్టుకుని, తర్వాత 80 రెట్లకు వెళ్ళాలి. చీకటికి కళ్ళు అలవాటు పడటానికి అరగంట పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ తెరిస్తే ఆ అరగంట పోయినట్టే. టార్చికి ఎర్ర జిలుగు కాగితం రెండు మడతలు కట్టుకోండి. గెలాక్సీని సూటిగా చూడకండి, ఓరచూపు చూడండి. కంటిలో మసక వెలుతురును పట్టే కణాలు చూపు కేంద్రానికి పక్కన ఎక్కువ. సూటిగా చూస్తే మాయమై, ఓరగా చూస్తే మళ్ళీ తేలే ఆ మరకను పిల్లలు ఒకసారి పట్టారంటే ఇక వదలరు. చేతులు మోపి ఐపీస్‌ను కదపకుండా చూసే ఓపిక మాత్రం నేర్పాలి.

ఇక ఫొటో. 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ (ఒక మధ్యరకం సెన్సర్ సైజు) కెమెరాకు 400 మి.మీ. లెన్స్ పెడితే ఒక్కో పిక్సెల్ ఆకాశంలో 2 ఆర్క్ సెకన్లు (ఆర్క్ నిమిషంలో 60వ వంతు ఒక ఆర్క్ సెకను). ఎన్‌జీసీ 7331 అందులో 315 పిక్సెళ్ళ పొడవు వస్తుంది. 6000 పిక్సెళ్ళ వెడల్పు ఫొటోలో ఇరవయ్యో వంతు. చిన్నదే, కానీ గెలాక్సీ సుడి చేతుల వంపు, ఒక పక్కన నల్లటి దుమ్ము చార తెలియడానికి చాలు. అదే ఫ్రేములో అర డిగ్రీ దూరాన, దక్షిణం వైపు, 1877లో స్టెఫాన్ కనిపెట్టిన ఐదు గెలాక్సీల గుంపు చిన్న చుక్కల్లా పడుతుంది. 2022 జులైలో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ మొదటి ఫొటోల్లో వచ్చిన గుంపు అదే. ఆ ఐదింటిలో ఒకటి మనకు దగ్గరిది, మిగతా నాలుగు దాదాపు 29 కోట్ల కాంతి సంవత్సరాల అవతలివి.

ట్రాకింగ్ లేకుండా ఇది కుదరదు. ఈ లెన్స్‌తో కెమెరాను కదలకుండా పెడితే సెకనులో ఆరో వంతుకే చుక్క ఒక పిక్సెల్ జరిగిపోతుంది. భూమి తిరుగుడుకు తగ్గట్టు కెమెరాను తిప్పే స్టార్ ట్రాకర్ గాని ఈక్వటోరియల్ మౌంట్ గాని కావాలి. దాని ఇరుసు ధ్రువం వైపు, అంటే చుక్కలన్నీ ఏ బిందువు చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తాయో దాని వైపు, గురిపెట్టాలి. మన చోటు అసలు చిక్కు ఇక్కడే. పర్లాకిమిడి అక్షాంశం 18.8 డిగ్రీలు, ధ్రువ నక్షత్రం అంత ఎత్తులోనే ఉంటుంది. ఉత్తరాన కొండ అడ్డొస్తే కనబడదు, కార్తీకపు మంచు తెరలో మసకబారుతుంది. ఉత్తరం తెరిపిగా ఉన్న చోటు పగలే చూసి పెట్టుకోవాలి. ఇంకో సంగతి, మౌంట్ ఇరుసు ఇంత వాలుగా ఉన్నప్పుడు బరువుల కడ్డీ ఉత్తరం వైపు కాలికి తగులుతుంది. స్టాండు రెండు కాళ్ళ మధ్య సందు ఉత్తరానికి వచ్చేట్టు తిప్పుకుంటే ఆ తగలడం తప్పుతుంది. కొన్ని మౌంట్లు 20 డిగ్రీల కిందికి వంగవు. కొనే ముందే ఆ స్కేలు చూసుకోండి. అలాంటిదే ఇంట్లో ఉంటే దక్షిణం కాలు కాస్త పొడవు చేసి స్టాండునే ఉత్తరానికి వాల్చాలి.

ధ్రువ నక్షత్రం నడిమధ్యకు తెచ్చాం కదా, పని అయిపోయిందనుకోవడం కొత్తవాళ్ళు చేసే పెద్ద పొరపాటు. అసలు ధ్రువ బిందువుకు ఆ చుక్క 0.6 డిగ్రీల పైన దూరంగా ఉంది. ఆ తేడాతో నిమిషానికి 10 ఆర్క్ సెకన్ల దాకా జారుడు వస్తుంది, మన లెన్స్‌లో 5 పిక్సెళ్ళు. చుక్కలన్నీ గీతలవుతాయి. పోలార్ స్కోపులో (మౌంట్ ఇరుసులో ఉండే చిన్న దుర్భిణిలో) ఉన్న వలయం మీద, ఆ వేళకు తగిన గడియారం స్థానంలో దాన్ని నిలపాలి. తేడా 5 ఆర్క్ నిమిషాల లోపుకు వస్తే నిమిషపు ఫొటోలో పిక్సెల్ కూడా జారదు.

గీతలు వస్తే ఏ రకం గీతలో చూసుకుంటే జబ్బు తెలుస్తుంది. ఉత్తర దక్షిణాలుగా సాగితే ధ్రువం గురి తప్పింది. తూర్పు పడమరలుగా, కొన్ని ఫ్రేముల్లో బాగుండి కొన్నింట్లో సాగితే అది గేరు పళ్ళ హెచ్చుతగ్గు. ఆ ఫ్రేములు తీసి పారేయాలి, లేదా ఎక్స్‌పోజర్ (ఒక్కో ఫొటోకు వెలుతురు పట్టే సమయం) 30 సెకన్లకు తగ్గించాలి. తూర్పు వైపు బరువు రవ్వంత ఎక్కువ ఉంచితే పళ్ళు ఎప్పుడూ ఒరుసుకునే ఉండి కుదుపు తగ్గుతుంది. నడుమ గుండ్రంగా ఉండి నాలుగు మూలల్లోనే సాగితే ట్రాకర్‌ని తిట్టక్కర్లేదు, లెన్స్ గుణమది, లెన్స్ రంధ్రాన్ని ఒక స్టాపు (ఒక మెట్టు) మూయాలి.

ట్రాకర్ కొనలేని బడులకు ఒక దారి ఉంది. ఖండపడాలో పఠాణి సామంత (1835-1904) కర్ర, వెదురుతో పరికరాలు చేసుకుని గ్రహాల గతులు కొలిచిన రాష్ట్రం ఇది. వడ్రంగి దగ్గర రెండు పలకలు, ఒక మడతబందు, ఒక ఎం6 బోల్టు చాలు. పైపలక మీద కెమెరా ఉంటుంది, బోల్టు ఆ పలకను మెల్లగా ఎత్తుతుంది. ఎం6 (6 మి.మీ. లావు) బోల్టు ఒక చుట్టుకు 1 మి.మీ. కదులుతుంది. బందు ఇరుసు నుంచి బోల్టు నడిమికి సరిగ్గా 228.5 మి.మీ. ఉంటే నిమిషానికి ఒక చుట్టు తిప్పగానే పైపలక భూమి వేగానికి సరిపోతుంది. ఉత్తరం వైపు తిరిగి నిలబడితే బందు ఎడమ పక్కన ఉండాలి. తిరగేసి బిగిస్తే చుక్కలు ఆగకపోగా రెట్టింపు గీతలవుతాయి. బోల్టు తలకు గుండ్రటి అట్ట అంటించి 60 గీతలు గీసి, గడియారం సెకన్ల ముల్లుతో పాటు ఒక్కో గీత జరపాలి. రెండు మి.మీ. కొలత తప్పినా ఒక శాతం వేగం తేడా వస్తుంది కాబట్టి రంధ్రం వేసే ముందు రెండుసార్లు కొలవండి. చేత్తో తిప్పేదానికి 50 మి.మీ. లెన్స్ మించకూడదు. దాంతో ఆండ్రోమెడా చక్కగా వస్తుంది. ఎన్‌జీసీ 7331 కావాలంటే 135 మి.మీ. లెన్స్, నిమిషానికి ఒక చుట్టు తిరిగే గేరు మోటారు పెట్టాలి. మోటారు పది చుట్లకు పది నిమిషాలు తీసుకుంటోందో లేదో గడియారం పెట్టి చూశాకే బిగించండి. పది నిమిషాలు దాటాక తిన్నటి బోల్టుతో తేడా పెరుగుతుంది, వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టాలి.

కెమెరాలో రా ఫార్మాట్ (కెమెరా మార్పులు చేయని ముడి ఫైలు), ఐఎస్ఓ (సున్నితత్వం) 1600, ఎఫ్ (లెన్స్ రంధ్రం కొలత) 5.6, ఒక్కోటి 60 సెకన్లు, తర్వాత కలిపి ఒక్కటి చేయడానికి మొత్తం 120 ఫొటోలు. లెన్స్ కుదుపు నివారణ ఆపేయాలి, లేకపోతే అదే చుక్కల్ని కదుపుతుంది. ఎక్స్‌పోజర్ తర్వాత కెమెరా తనంతట తాను చేసే నాయిస్ తగ్గింపు కూడా ఆపేయాలి, సగం రాత్రి దానికే పోతుంది. ఫోకస్ ఆటోలో ఎప్పుడూ కుదరదు. ప్రకాశమైన చుక్కను తెర మీద పది రెట్లు పెంచి, అది అతి సన్నని చుక్క అయ్యేదాకా చేత్తో తిప్పి, రింగుకు టేపు అంటించండి. చలి పెరిగేకొద్దీ ఫోకస్ జరుగుతుంది కాబట్టి గంటకోసారి చూసుకోవాలి.

మహేంద్రతనయ ఒడ్డున గాని, వరి కళ్ళాల పక్కన గాని ఈ కాలంలో ఎనిమిది దాటితే మంచు కురుస్తుంది. ఫొటోలు ఒక్కొక్కటే మెల్లగా పలచబడి, చుక్కల చుట్టూ వెలుగు వలయాలు వస్తే లెన్స్ మీద మంచు పట్టినట్టే. గుడ్డతో తుడవకండి, మరకలై ఇంకా చెడుతుంది. మొదటి నుంచే 5 వోల్టుల డ్యూ హీటర్ పట్టీ (లెన్స్‌ను కాస్త వెచ్చగా ఉంచేది) చుట్టి పవర్ బ్యాంకుకు కలిపి ఉంచాలి. లెన్స్ హుడ్ పొడవుగా ఉంటే సగం రక్షణ.

ఇంటికి బయల్దేరే ముందు మూత పెట్టి అదే 60 సెకన్లు, అదే ఐఎస్ఓలో 25 చీకటి ఫొటోలు తీయండి. సెన్సర్ వేడి మచ్చలు వాటితో తీసేయొచ్చు. వేరే రోజు ఎండలో తీసినవి పనికిరావు, వేడి సరిపోలదు. ఫోకస్ కదపకముందే లెన్స్ మూతికి తెల్ల బనీను గుడ్డ ముడతలు లేకుండా సాగదీసి కట్టి, సమానంగా వెలిగే తెల్ల తెర ముందు 25 ఫొటోలు తీయాలి. మూలల నలుపు, దుమ్ము రేణువుల నీడలు వాటితో పోతాయి. ఈ రెండో పని చాలామంది ఎగ్గొడతారు. తర్వాత ఫొటో కాంట్రాస్ట్ పెంచగానే గెలాక్సీ కన్నా దుమ్ము వలయాలే ముందు తేలతాయి.

వీటన్నిటినీ కలపడానికి డీప్‌స్కై స్టాకర్, సిరిల్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, రెండూ ఉచితం. నాలుగు రెట్ల సమయం పెడితే స్పష్టత రెట్టింపవుతుంది. 30 నిమిషాల ఫొటోకు, 2 గంటల ఫొటోకు తేడా అదే. ఒక రాత్రి మబ్బు పడితే రెండో రాత్రివి దానికి కలుపుకోవచ్చు. ముందు ఆకాశపు వెలుగు హెచ్చుతగ్గులు తీసేసి, తర్వాత రంగు సరిచేసి, ఆ తర్వాతే వెలుగు సాగదీయాలి. ఆకాశం నల్లగా కనిపించాలని నలుపు బిందువు (ఎంత మసకైనది పూర్తి నలుపు కావాలో చెప్పే గుర్తు) కుడికి జరిపితే గెలాక్సీ చేతులు కూడా అందులోనే మునిగిపోతాయి. ఆకాశం ముదురు బూడిదరంగులోనే ఉండనివ్వండి. నీలం, గులాబీ దిమ్మరించిన ఫొటో కన్నా నెమ్మదైన ఫొటోలో వివరం ఎక్కువ.

ఇప్పుడు ఊరి దీపాల విషయం. పల్లె కూడళ్ళలో పెడుతున్న హైమాస్ట్ (ఎత్తు స్తంభాల) దీపాలు నేలతో పాటు ఆకాశాన్ని కూడా వెలిగిస్తున్నాయి. దీపం వద్దని మేం అనడం లేదు. పాముల దారిలో నడిచే వాళ్ళకు వెలుతురు కావాలి. బల్బు నేలకు సమాంతరంగా బిగించి, పైకి, పక్కలకు వెలుతురు పోకుండా తొడుగు పెడితే అదే కరెంటుతో దారి ఇంకా బాగా కనబడుతుంది. 6500 కెల్విన్ (వెలుతురు రంగును చెప్పే కొలత) తెల్ల నీలపు ఎల్‌ఈడీ బదులు 3000 కెల్విన్ పసుపు వెలుతురుది వేస్తే గాలిలో చెదిరేది చాలా తగ్గుతుంది, నీలి వెలుతురే ఎక్కువ చెదురుతుంది కనుక. 2022లో లద్దాఖ్‌లో హాన్లే, 2024 జనవరిలో మహారాష్ట్రలో పెంచ్ పులుల అభయారణ్యం చీకటి ఆకాశానికి గుర్తింపు తెచ్చుకున్నాయి. మహేంద్రగిరి, దేవమాలి చుట్టుపక్కల పంచాయతీలు కొత్త దీపాలు వేసే ముందే తొడుగు సంగతి తీర్మానంలో రాసుకుంటే ఖర్చేమీ పెరగదు. వేశాక మార్చాలంటే పెరుగుతుంది.

గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఒడియా బడిలో చదువుకుంటూ ఇంట్లో తెలుగు మాట్లాడే మా పిల్లలకు ఈ పని వాడుక తెలుగులో రాసి ఇచ్చే పుస్తకం కావాలి. అది వచ్చేదాకా మీ పత్రిక చేయగలిగింది ఒకటుంది. గెలాక్సీ ఫొటో వేసినప్పుడు కింద మూడు అంకెలు వేయండి: టెలిస్కోప్ అద్దం వెడల్పు ఎంత, మొత్తం ఎక్స్‌పోజర్ ఎన్ని గంటలు, రంగులు కంటికి కనిపించేవా లేక ఫిల్టర్లకు తర్వాత ఇచ్చినవా. చిత్రకారుడి ఊహాచిత్రమైతే ఆ మాట కూడా రాయండి. తిథుల పక్కన ఆ వారం చంద్రుడు ఎన్నింటికి ఉదయిస్తాడో, ఎన్నింటికి అస్తమిస్తాడో వేస్తే ఇంకా మేలు. ఈ ఏడు కార్తీక బహుళ సప్తమి నాటికి అది అందితే మార్గశిర శుద్ధ విదియ లోపల ఎవరైనా 120 ఫ్రేములు పూర్తి చేయగలరు.

ఇట్లు,
ఆకాశ పరిశీలకులు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా